నవంబరు మంగళవారం: రూజ్‌వెల్ట్ యుద్ధంలో ఎన్నికల లెక్క

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, పెద్దలకు, ముందు వరసల్లో నోటుపుస్తకాలు తెరుచుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశం యుద్ధకాలంలో అమెరికా అధ్యక్షుడు. అంశం పెద్దది, ఇచ్చిన గంట చిన్నది. అందుకని లింకన్ జోలికీ, ట్రూమన్ జోలికీ, జాన్సన్ జోలికీ పోకుండా ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఒక్కడి దగ్గరే ఆగుతాను. ఆయన గురించి కూడా అన్నీ చెప్పను. రెండు తేదీలతో మొదలుపెడతాను, రాసుకునేవారు రాసుకోండి. 1942 నవంబరు 3. 1942 నవంబరు 8.

మొదటిది అమెరికాలో కాంగ్రెసుకు, అంటే అక్కడి పార్లమెంటుకు, ఎన్నికలు జరిగిన రోజు. రెండవది అమెరికన్, బ్రిటిష్ సైనికులు లక్షమందికి పైగా మొరాకో, అల్జీరియా తీరాలలో దిగిన రోజు. మధ్యలో ఐదు రోజులు. పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం మీద జపాన్ దెబ్బ తిని పదకొండు నెలలు గడిచినా యూరప్ వైపు అమెరికన్ పదాతిదళం పెద్దగా చేసిందేమీ లేదన్న విసుగుతో ఓటర్లు మూడవ తేదీన ఓట్లు వేశారు. రూజ్‌వెల్ట్ పార్టీ ప్రతినిధుల సభలో నలభైకి పైగా స్థానాలు పోగొట్టుకుంది. ఆ దండు ఒక్క వారం ముందు దిగి ఉంటే? తేదీ మార్చమని ఆజ్ఞ ఇవ్వగలిగిన సర్వసైన్యాధ్యక్షుడు ఆయనే కదా? మరి ఎందుకు ఇవ్వలేదు? ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో ఎన్నిక తేదీని ఎవరూ ప్రకటించరు. అది చట్టంలోనే ఉంటుంది. నవంబరులో మొదటి సోమవారం తరువాత వచ్చే మంగళవారం, అంతే. యుద్ధం వచ్చినా అదే మంగళవారం. బ్రిటన్‌లో 1935లో ఎన్నికైన పార్లమెంటు తన గడువును తానే పొడిగించుకుంటూ 1945 దాకా నడిచింది. మన దేశంలో కూడా అత్యవసర పరిస్థితి పేరిట 1976లో లోక్‌సభ గడువు పొడిగించుకున్న సంగతి ఇక్కడున్న పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఇక స్టాలిన్‌కు ఆ బాధే లేదు. 1943 చివర టెహ్రాన్‌లో ముగ్గురు నాయకులు ఒక బల్ల చుట్టూ కూర్చున్నారంటే, ఆ ముగ్గురిలో ఫలానా రోజున నా జనం నన్ను ఉంచుతారో దించుతారో అని క్యాలెండరు చూసుకోవలసినవాడు ఒక్కడే. ఈ తేడా పట్టుకోకపోతే రూజ్‌వెల్ట్ నడక మనకు అర్థం కాదు.

1940 సంగతి త్వరగా చెప్పి దాటుతాను. అప్పటికి అమెరికా యుద్ధంలో లేదు. ఫ్రాన్సు పడిపోయింది, బ్రిటన్ ఒంటరిగా నిలబడింది, రూజ్‌వెల్ట్ మూడవసారి పోటీకి దిగాడు. ఆ జూన్‌లో, ప్రత్యర్థులైన రిపబ్లికన్ల మహాసభ ఇంకో నాలుగు రోజులుందనగా, ఆ పార్టీ పెద్దలైన స్టిమ్సన్‌ను యుద్ధశాఖకు, నాక్స్‌ను నౌకాశాఖకు మంత్రులుగా తీసుకున్నాడు. సెప్టెంబరులో యాభై పాత యుద్ధనౌకలు బ్రిటన్‌కు ఇచ్చి, బదులుగా స్థావరాలకు తొంభై తొమ్మిదేళ్ళ కౌలు రాయించుకున్నాడు. ఇవన్నీ మీకు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి. నేను చూపించదలచుకున్నది అక్టోబరు 29ని.

ఆ రోజు వాషింగ్టన్‌లో నిర్బంధ సైనిక సేవకు చీటీలు తీశారు. ఎన్నికలకు సరిగ్గా వారం ముందు! మొదటి ప్రపంచయుద్ధంలో వాడిన గాజుపాత్రనే బయటికి తెచ్చి, స్టిమ్సన్ కళ్ళకు గంతలు కట్టి, అందులో చెయ్యి పెట్టించారు. మొదట వచ్చిన సంఖ్య 158. దేశం నలుమూలలా ఆ సంఖ్య పడిన యువకుడి ఇంట్లో తల్లి గుండె ఎలా ఉంటుందో, ఆ తల్లి వారం తరువాత ఎవరికి ఓటు వేస్తుందో మీరే ఊహించండి. ఏ సలహాదారైనా చీటీల కార్యక్రమం ఎన్నికల తరువాత పెట్టుకుందామనే అంటాడు. రూజ్‌వెల్ట్ వాయిదా వెయ్యలేదు. స్వయంగా వచ్చి రేడియోలో మాట్లాడాడు. కానీ ఏ మాట వాడాడు? 'డ్రాఫ్ట్' అన్న మాట నోట రానివ్వలేదు. స్వాతంత్ర్య సమరం నాటి పాత మాట 'మస్టర్', అంటే దండు కూడడం, తీసి వాడాడు. మరునాడే బోస్టన్‌లో నిలబడి, మీ పిల్లలను విదేశీ యుద్ధాలకు పంపబోమని మళ్ళీ మళ్ళీ చెబుతున్నానన్నాడు. అంతకుముందు ఆ వాగ్దానానికి 'మన మీద దాడి జరిగితే తప్ప' అన్న తోక ఉండేది. బోస్టన్‌లో ఆ తోక కత్తిరించేశాడు. మనమీద దాడి జరిగితే అది విదేశీ యుద్ధం ఎలా అవుతుందని తనవాళ్ళ దగ్గర సమర్థించుకున్నాడు.

చూశారా, చీటీ తీయవలసిన రోజున తీయించాడు, మాటను మాత్రం ఎన్నికలకు తగ్గట్టు చెక్కుకున్నాడు. నా వాదన ఇదే, ముందే చెప్పేస్తున్నాను. రూజ్‌వెల్ట్ ఫిరంగి పేలవలసిన తేదీని ఎన్నికల కోసం జరపలేదు. నోరు విప్పవలసిన తేదీని మాత్రం చాలాసార్లు ఎన్నికల అవతలికి జరిపాడు. మొదటిదాన్ని చూసి మెచ్చుకునేవారు రెండవదాని ఖర్చు ఎవరు కట్టారో కూడా చూడాలి.

ఇప్పుడు 1942కు వద్దాం, ఇక్కడ కొంచెం తీరికగా ఆగాలి. పెర్ల్ హార్బర్ మీద పడింది జపాన్. జనం కోపమంతా జపాన్ మీద. కానీ ముందు జర్మనీని ఓడించాలి, తరువాత జపాన్ సంగతి చూడాలి అన్నది రూజ్‌వెల్ట్, చర్చిల్ కలిసి చేసుకున్న నిర్ణయం. సైనికంగా అది సరైనదే, కానీ ఓటరుకు చెప్పడం కష్టం. నా ఇంటికి నిప్పు పెట్టినవాడిని వదిలి పక్కూరివాడిని ముందు పట్టుకుంటానంటే ఊరు ఒప్పుకుంటుందా? యూరప్ వైపు సైన్యం ఊరికే కూర్చుంటే, సైన్యాన్నంతా పసిఫిక్‌కు తరలించమనే ఒత్తిడి రోజురోజుకూ పెరుగుతుంది.

మూడవ వైపు స్టాలిన్ ఉన్నాడు. మే, జూన్ నెలల్లో ఆయన విదేశాంగమంత్రి మొలొటోవ్ వాషింగ్టన్ వచ్చినప్పుడు, 1942లోనే యూరప్‌లో రెండవ యుద్ధరంగం తెరిచే విషయమై పూర్తి అవగాహన కుదిరిందని ప్రకటన చేశారు. సైనిక ప్రధానాధికారి జనరల్ మార్షల్ కోరిక కూడా ఇంగ్లీష్ చానెల్ దాటి ఫ్రాన్సులో దిగాలనే. బ్రిటన్ మాత్రం ఆ సంవత్సరం కుదరదంది. ఆ దాడిలో దిగవలసిన సైన్యంలో ఎక్కువ భాగం బ్రిటిష్ వారే కనుక, వారు కాదంటే కాదే. మార్షల్‌కు, నౌకాదళాధిపతి కింగ్‌కు ఒళ్ళు మండి, అయితే మనం పసిఫిక్ వైపే తిరుగుదామని జూలైలో కాగితం పంపారు. రూజ్‌వెల్ట్ ఏం చేశాడో తెలుసా? సరే, ఆ పథకం వివరాలు ఈ మధ్యాహ్నమే పంపండి అన్నాడు. వివరాలెక్కడివి! బెదిరింపుగా రాసిన కాగితమది. ఆటలో కోపం వచ్చి గిన్నెలు సర్దుకుని ఇంటికి పోయే పిల్లల్లా చేయకండని మందలించి, జూలై మధ్యలో వాళ్ళిద్దరినీ తన ఆంతరంగికుడు హ్యారీ హాప్కిన్స్‌తో కలిపి లండన్ పంపాడు. ఇచ్చిన ఆదేశంలో ముఖ్యమైన మాట ఇది: అమెరికన్ పదాతిదళం 1942లోనే శత్రువుతో పోరులోకి దిగి తీరాలి.

ఎందుకు 1942లోనే? సైనిక కారణమా, ఎన్నికల కారణమా, మిత్రధర్మమా? ఈ ప్రశ్న వేసి ఏదో ఒకటి ఎంచుకోమంటే నేను ఎంచుకోలేను. జనం చూపు యూరప్ మీద నిలవాలంటే అక్కడ పోరు జరగాలి. స్టాలిన్‌కు ముఖం చూపించాలంటే పోరు జరగాలి. బ్రిటన్ ఒప్పుకునేచోటే జరగాలి. ఈ మూడూ ఒక్కచోట కలిసిన నేల ఉత్తర ఆఫ్రికా. మార్షల్‌కు అది ఇష్టం లేదు, అక్కడ దిగితే ఫ్రాన్సు దాడి 1943లో కూడా జరగదని ఆయన భయపడ్డాడు. అలాగే జరిగింది, ఫ్రాన్సులో దిగింది 1944 జూన్‌లో. యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళకు మార్షలే ఒప్పుకున్నాడు, ప్రజాస్వామ్యంలో నాయకుడు జనానికి ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతూ ఉన్నట్టు చూపిస్తూ ఉండాలన్న సంగతి అప్పట్లో మాకు తట్టలేదని. ఆ మాట ఆయన వెక్కిరింపుగా అనలేదు, నేర్చుకున్న పాఠంగా అన్నాడు.

ఈ వార్త మాస్కోకు మోసుకెళ్ళే పని చర్చిల్ మీద పడింది. ఆగస్టులో స్టాలిన్ ఎదుట కూర్చుని, కాగితం మీద మొసలి బొమ్మ వేసి, మూతి మీద కొట్టే బదులు మెత్తని పొట్ట మీద కొడతామని నచ్చజెప్పాడు. మొసలి బొమ్మతో ఎంతవరకు తృప్తిపడ్డాడో గానీ, రెండవ యుద్ధరంగం మాట స్టాలిన్ మరిచిపోలేదు.

ఇక తేదీ. అక్టోబరు 30 దాటకూడదని రూజ్‌వెల్ట్ కోరిక. పథకం చూపించడానికి వచ్చిన మార్షల్ ఎదుట రెండు చేతులూ జోడించి, దయచేసి ఎన్నికల కంటే ముందు చేయించండి అన్నాడట. ఇది మార్షల్ స్వయంగా చెప్పిన జ్ఞాపకం. చేతులు జోడించడం మనకు కొత్త కాదు, ఎన్నికల కాలంలో మన వీధుల్లో రోజూ చూస్తాం. కానీ ఇక్కడ సర్వసైన్యాధ్యక్షుడు తన కింది అధికారికి జోడిస్తున్నాడు! అందులో సగం హాస్యం ఉంది, సగం నిజం ఉంది. అయితే ఓడలు చాలలేదు, తీరానికి చేర్చే పడవలు చాలలేదు, వాటిని నడిపేవారికి శిక్షణ చాలలేదు. మొరాకోలో దిగవలసిన దళమైతే అమెరికాలోని వర్జీనియా తీరం నుంచి నేరుగా అట్లాంటిక్ దాటి రావాలి. సేనాని ఐసెన్‌హోవర్ నవంబరు 8 అని ఖాయం చేశాడు. రూజ్‌వెల్ట్ మారు మాట్లాడలేదు. అధ్యక్షుడి పత్రికా కార్యదర్శి మాత్రం, ఆ వారం రోజులు ముందుకు జరిపి ఉంటే ఏం పోయేదని సైన్యం మీద మండిపడ్డాడు.

ఆ శనివారం సాయంత్రం, వాషింగ్టన్ లెక్కలో ఏడవ తేదీ, రూజ్‌వెల్ట్ మేరీలాండ్ కొండల్లోని విడిదిలో ఉన్నాడు. యుద్ధశాఖ నుంచి ఫోను వచ్చింది. రిసీవరు అందుకున్నప్పుడు ఆయన చెయ్యి వణికిందని పక్కనున్న కార్యదర్శిని గ్రేస్ టల్లీ తరువాత రాసింది. దేవుడి దయ అన్నాడట, అనుకున్నదానికంటే తక్కువమంది పోయారట. ఓడిపోయిన ఎన్నికలకు అది నాలుగవ రోజు.

ఇప్పుడు కొద్దిగా వెనక్కి, అదే 1942 ఏప్రిల్‌కు వెళదాం, ఎందుకంటే అక్కడ మనం ఉన్నాం. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. సరిగ్గా ఆ రోజుల్లో ఢిల్లీలో మన నాయకులతో బ్రిటిష్ మంత్రి క్రిప్స్ రాయబారం నడుస్తోంది, రూజ్‌వెల్ట్ సొంత ప్రతినిధి లూయీ జాన్సన్ కూడా ఢిల్లీలోనే ఉండి మధ్యవర్తిత్వం నడుపుతున్నాడు. రాయబారం విఫలమైంది. ఏప్రిల్ 11న రూజ్‌వెల్ట్ చర్చిల్‌కు తంతి పంపాడు: క్రిప్స్‌ను వెనక్కి పిలవకండి, ఇంకో ప్రయత్నం చేయండి, భారతీయులకు స్వపరిపాలన ఇవ్వడానికి మీరు సిద్ధంగా లేకపోవడం వల్లనే చర్చలు చెడ్డాయని మా దేశంలో అనుకుంటున్నారు అని. అది అర్ధరాత్రి దాటాక చర్చిల్ విడిదికి చేరింది. హాప్కిన్స్ అక్కడే ఉన్నాడు. చర్చిల్ మండిపడ్డాడు, అవసరమైతే పదవి వదిలి ఇంటికి పోతానన్నాడు. రూజ్‌వెల్ట్ అక్కడితో ఆగిపోయాడు.

హాప్కిన్స్, మార్షల్ ఆ వారం లండన్‌లో ఎందుకున్నారో చెప్పలేదు కదూ? చానెల్ దాటే దాడికి బ్రిటన్ చేత సరే అనిపించడానికి! తంతి వెళ్ళిన మూడవ రోజున, ఏప్రిల్ 14న, బ్రిటన్ సరే అంది కూడా. ఆ సరే మూడు నెలలు కూడా నిలవలేదనుకోండి, అది వేరే సంగతి. ఒక పళ్ళెంలో భారతదేశం, ఇంకో పళ్ళెంలో ఫ్రాన్సు తీరం. తూకం ఎటు మొగ్గిందో చూశారు. ఆ జూలై 1న గాంధీజీ రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాస్తూ, ఆఫ్రికాను, భారతదేశాన్ని బ్రిటన్ దోచుకుంటున్నంతకాలం, అమెరికాలో నీగ్రోల సమస్య ఉన్నంతకాలం, స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామన్న మీ ప్రకటన డొల్లగానే వినిపిస్తుందని మర్యాదగా, సూటిగా అన్నారు.

ఆ నీగ్రో సమస్యే 1944లో ఓటు రూపంలో వచ్చింది. లక్షలాది సైనికులు విదేశాల్లో ఉన్నారు, వారు ఓటు వేయడం ఎలా? కేంద్రమే అందరికీ ఒకే బ్యాలెట్ ఇవ్వాలని రూజ్‌వెల్ట్ అన్నాడు. అడ్డుపడిందెవరు? రిపబ్లికన్లతో పాటు ఆయన సొంత పార్టీ దక్షిణాది సభ్యులు. కేంద్ర బ్యాలెట్ వస్తే నల్లజాతి సైనికుడికి కూడా ఓటు వస్తుందని వారి భయం. రాష్ట్రాల చేతికి పెత్తనం వదిలిన బిల్లును రూజ్‌వెల్ట్ మోసమన్నాడు. చివరకు బలహీనపడిన చట్టం వచ్చినప్పుడు సంతకం చేయలేదు, తిప్పికొట్టనూ లేదు. ఊరికే చట్టమైపోనిచ్చాడు.

అదే సంవత్సరం జూలైలో నాలుగవసారి అభ్యర్థిత్వాన్ని శాన్ డియేగోలో రైలుపెట్టెలో నుంచి స్వీకరించి, ఓడెక్కి హవాయి వెళ్ళి, పసిఫిక్ యుద్ధం నడుపుతున్న జనరల్ మెకార్థర్‌తో, అడ్మిరల్ నిమిట్జ్‌తో సమావేశమయ్యాడు. అభ్యర్థి పక్కన మెకార్థర్ ఫొటో! ఈ మెకార్థర్‌నే ఆ వసంతకాలం దాకా కొందరు రిపబ్లికన్లు తమ అభ్యర్థిగా ఊహించుకున్నారు. ఎన్నికలకు పద్దెనిమిది రోజుల ముందు, అక్టోబరు 20న, మెకార్థర్ ఫిలిప్పీన్స్‌లో లేటే ద్వీపంలో కాలు పెట్టేసరికి, హవాయిలో బేరం కుదిరిందనే గుసగుసలు పుట్టాయి. నేను ఆ గుసగుసను నమ్మను. లేటే తేదీ ముందు డిసెంబరు 20. సెప్టెంబరులో అడ్మిరల్ హాల్సీ విమానాలు అక్కడ జపాన్ బలం పలచబడిందని కనిపెట్టడంతో సేనాధిపతులు రెండు నెలలు ముందుకు జరిపారు. 1942లో నౌకల కొరత రూజ్‌వెల్ట్‌ను ముంచింది, 1944లో జపాన్ విమానాల కొరత తేల్చింది. రెండుసార్లూ తేదీ ఆయన చేతిలో లేదు.

రహస్యం దాచడంలో కూడా ఎన్నికలు అడ్డం వచ్చాయి, అది చూడండి. ఆ సెప్టెంబరులో రిపబ్లికన్ అభ్యర్థి డ్యూయీకి, పెర్ల్ హార్బర్‌కు ముందే అమెరికా జపాన్ సంకేత లిపిని ఛేదించిందన్న సంగతి తెలిసింది. బయటపెడితే రూజ్‌వెల్ట్‌కు పెద్ద దెబ్బ. మార్షల్ ఒక కర్నల్‌ను మామూలు దుస్తుల్లో, ఉత్తరమిచ్చి, టల్సా ఊళ్ళో ఉన్న డ్యూయీ దగ్గరకు పంపాడు. ఇందులోది ఎవరికీ చెప్పనని ఒప్పుకుంటేనే ముందుకు చదవండి అని మొదట్లోనే ఉంది. డ్యూయీ అక్కడే ఆపి వెనక్కి ఇచ్చేశాడు. ఇది రూజ్‌వెల్ట్ పన్నిన ఎత్తు అని ఆయన అనుమానం. రెండు రోజులకు ఆల్బనీలో మళ్ళీ ప్రయత్నం. ఈసారి చదివాడు. ఆ లిపినే జపాన్ ఇంకా వాడుతోందనీ, బెర్లిన్‌లోని జపాన్ రాయబారి పంపే తంతుల వల్లనే హిట్లర్ ఆలోచనలు తమకు తెలుస్తున్నాయనీ అందులో ఉంది. ఈ ఉత్తరం సంగతి అధ్యక్షుడికి తెలియదని కూడా మార్షల్ రాశాడు. డ్యూయీ నోరు మెదపలేదు, ఎన్నికల్లో ఓడిపోయాడు. ఈ కథలో అందరికంటే నాకు ఆయనే నచ్చుతాడు, కానీ మన అంశం ఆయన కాదు.

మరి రూజ్‌వెల్ట్ ఎన్నికల అవతలికి నెట్టినవి? రెండు చెబుతాను. 1942 ఫిబ్రవరిలో ఆయన సంతకంతో పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివారిని, దాదాపు లక్షా ఇరవై వేలమందిని, ఇళ్ళు, దుకాణాలు, పొలాలు వదిలించి శిబిరాల్లో పెట్టారు. మూడింట రెండు వంతులు అక్కడే పుట్టిన పౌరులు. వారిని ఇంకా ఉంచడానికి సైనిక అవసరం లేదని యుద్ధమంత్రి స్టిమ్సనే 1944 మేలో మంత్రివర్గంలో చెప్పాడు. మేలో! ఎన్నికల దాకా ఆగుదామన్నారు. నవంబరు 7న ఎన్నికలు అయ్యాయి, రూజ్‌వెల్ట్ గెలిచాడు, డిసెంబరు 17న నిషేధం ఎత్తివేస్తున్నట్టు ప్రకటించారు. మరునాడే సుప్రీంకోర్టు తీర్పు రాబోతోందని తెలిసి చేసిన ప్రకటన అది. మే నుంచి డిసెంబరు దాకా ముళ్ళకంచె వెనక గడిచిన ఆ ఏడు నెలలను మీరు ఏ పద్దు కింద రాస్తారు? యుద్ధఖర్చు కింద రాయలేరు, యుద్ధమంత్రే అక్కర్లేదన్నాడు కదా.

రెండవది పోలండ్. 1943 డిసెంబరు 1న టెహ్రాన్‌లో రూజ్‌వెల్ట్ స్టాలిన్‌తో విడిగా మాట్లాడాడు. మా దేశంలో అరవై డెబ్బై లక్షలమంది పోలిష్ సంతతివారు ఉన్నారు, వాళ్ళ ఓట్లు పోగొట్టుకోలేను, పోలండ్ సరిహద్దును పడమటికి జరపడం నాకూ సమ్మతమే గానీ, ఎన్నికలు అయ్యేదాకా ఈ విషయంలో బహిరంగంగా ఏ నిర్ణయంలోనూ పాలుపంచుకోలేను అన్నాడు. స్టాలిన్, ఇప్పుడు మీరు వివరించారు కనుక అర్థమైంది అన్నాడు. ఆ మాటలు అనువాదకుడు రాసుకున్నందువల్ల మనదాకా వచ్చాయి. ఎర్రసైన్యం ఎలాగూ ఆ నేల మీదికి వస్తోంది, రూజ్‌వెల్ట్ ఆపగలిగేవాడా అని మీరు అడగవచ్చు. ఆపలేడు, ఒప్పుకుంటాను. కానీ ఆపలేనని పోలండ్ వారికి చెప్పగలడు కదా?

1944 అక్టోబరు 11న, అమెరికాలోని పోలిష్ సంతతివారి సంఘమైన పోలిష్ అమెరికన్ కాంగ్రెసు పెద్దలు వైట్‌హౌస్‌కు వచ్చారు. రూజ్‌వెల్ట్ వారితో ఫొటో దిగాడు. ఆయన వెనక పెద్ద పోలండ్ పటం, అందులో యుద్ధానికి ముందరి సరిహద్దులు, స్టాలిన్ కోరుతున్న తూర్పు భాగంలోని ల్వూఫ్ నగరం పోలండ్ లోపల భద్రంగా ఉంది. ఆయన నోటితో ఏమీ వాగ్దానం చేయలేదు, పటమే చూపించాడు. ఆ నెలాఖరున ఆ సంఘం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు మద్దతు ప్రకటించాడు.

సరిగ్గా రెండు రోజులకు, అక్టోబరు 13న, మాస్కోలో ప్రవాస పోలండ్ ప్రధాని మికోలాయ్‌చిక్ ఒక బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా స్టాలిన్, మొలొటోవ్, చర్చిల్, అమెరికా రాయబారి హారిమన్. తూర్పు సరిహద్దు వదులుకోనని ఆయన వాదిస్తుంటే మొలొటోవ్ అడ్డు తగిలి, ఇదంతా టెహ్రాన్‌లోనే తేలిపోయింది, రూజ్‌వెల్ట్ కూడా ఒప్పుకున్నాడు, బయటికి చెప్పవద్దన్నాడు, అంతే అన్నాడు. మికోలాయ్‌చిక్ ఇది అబద్ధమని ఎవరైనా అంటారేమోనని చుట్టూ చూశాడట. చర్చిల్ మెల్లగా, నిజమే అన్నాడు. హారిమన్ నేల మీది తివాచీ వంక చూస్తూ ఉండిపోయాడని మికోలాయ్‌చిక్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అమెరికా ఎన్నికలకు అప్పటికి ఇంకా ఇరవై ఐదు రోజులు ఉన్నాయి.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలు ఉంటే అడగండి, కూర్చుని మాట్లాడుకుందాం.